తట్టువ మోయగల బరువెంత?
ఏజెన్సీలో గుర్రాల వీపులకు పుండ్లు - బస్తాలు లెక్కపెడుతున్నారు గాని బరువు లెక్క చూడటం లేదు

పాడేరు: కొండమీద ఊళ్ళకు రోడ్లు పడుతున్నాయి. జీపులు వెళుతున్నాయి, మోటారు సైకిళ్ళు వెళుతున్నాయి. అయినప్పటికీ పాడేరు, జి.మాడుగుల, చింతపల్లి ప్రాంతాల్లో కాలిబాట తప్ప వేరే దారి లేని గూడేలు ఇంకా ఉన్నాయి. అటువంటి చోటికి బియ్యం బస్తా చేరాలన్నా, అక్కడి కాఫీ గింజలు, మిరియాలు, పసుపు సంతకు దిగాలన్నా, అడుగు తీసి అడుగు వేయలేని ముసలివారిని కిందికి తీసుకురావాలన్నా గుర్రమే ఆధారం. గుర్రం అంటున్నాం గాని నిజానికి అవి పొట్టి రకం తట్టువలు. రాళ్ళదారిలో కాలు జారకుండా నడుస్తాయి. వాగులో దిగుతాయి. ఇంటి దారి మరచిపోవు. పెట్రోలు అడగవు.

అడగవు గనుకనే వాటి సంగతి ఎవరికీ పట్టడం లేదు. సంత రోజున బరువులు దించిన తర్వాత గంత తీసి చూస్తే మూపు మీద, నడుముకు అటూ ఇటూ ఒరుసుకుపోయిన పుండ్లు కొన్నింటికి కనిపిస్తాయి. మరికొన్నింటికి పుండు మాని, అక్కడ తెల్ల వెంట్రుకలు మొలిచి ఉంటాయి. ఆ తెల్ల మచ్చను కొందరు పుట్టుమచ్చ అనుకుంటారు. కాదు. చర్మం నలిగి, వెంట్రుక మొదలుకు దెబ్బ తగిలితే ఆ చోట రంగులేని వెంట్రుక వస్తుంది. ఒకప్పుడు ఆ వీపు మీద గంత సరిగా కూర్చోలేదనో, బరువు మించిందనో చెప్పే సాక్ష్యం అది. సంతలో గుర్రం కొనేవారు పళ్ళు చూసి ఊరుకోక గంత తీయించి వీపు కూడా చూడటం మంచిది.

'మా గుర్రం ఎంతైనా మోస్తుంది లెండి' అనడం యజమానులకు పరిపాటి. మోస్తుంది, నిజమే. పడిపోయేదాకా మోస్తుంది. ఎద్దు అయితే బరువెక్కువైనప్పుడు కూలబడి మొరాయిస్తుంది. గుర్రానికి ఆ గుణం తక్కువ. అందుచేత ఎంత మోస్తున్నదన్నది కాదు, ఎంత మోయించవచ్చునన్నది తెలుసుకోవలసిన సంగతి.

ఐదో వంతు లెక్క

గుర్రం తన శరీరం బరువులో ఐదో వంతు, అనగా నూటికి ఇరవై వంతులు మోయగలదన్నది ప్రపంచంలో చాలా దేశాలు అనుసరిస్తున్న లెక్క. ఇది కొత్తగా పుట్టింది కాదు. మోటారు వాహనాలు రాకముందు గుర్రపు దళాలను నడిపిన అమెరికా సైన్యం ఇదే లెక్క చెప్పింది. తర్వాత శాస్త్రజ్ఞులు పరీక్షించి చూశారు. 2008లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో ఎనిమిది గుర్రాల మీద నూటికి 15, 20, 25, 30 వంతుల బరువులు వేసి నడిపించి, పరుగెత్తించి పరిశీలించారు. 20 వంతుల వరకు పెద్ద తేడా కనిపించలేదు. 25 దాటేసరికి గుండె వేగం, శ్వాస పెరిగాయి, కండరాల నొప్పి మొదలైంది. 30 వంతుల బరువు మోసిన గుర్రాలకు మరుసటి రోజు కూడా కండరాలు పట్టేసే ఉన్నాయి.

ఇక్కడొక ముఖ్యమైన సంగతి ఉంది. ఐదో వంతు అంటే మనిషి బరువు ఒక్కటే కాదు. జీను, గంత, కింద పరచిన బొంత, మనిషి కట్టుకున్న బట్టలు, భుజాన ఉన్న సంచి, చేతిలోని గొడ్డలి అన్నీ అందులోకే వస్తాయి. లెక్క తప్పుతున్నది ఎక్కువగా ఇక్కడే.

అన్ని జాతులకూ ఒకే కొలత వర్తించదన్న వాదన కూడా ఉంది. అది కొట్టివేయదగినది కాదు. ఐస్‌లాండ్ దేశపు గుర్రాలు మన తట్టువల్లాగే పొట్టివి, గట్టివి. వాటిపై 2017లో వెలువడిన పరిశోధనలో, సగటున 22.7 శాతం బరువు దాటిన తర్వాత కండరాల్లో అలసట పుట్టించే ఆమ్లం పేరుకుపోవడం మొదలైందని తేలింది. ఒక గుర్రానికీ మరో గుర్రానికీ తేడా ఉండనే ఉంది. జపాన్ దేశవాళీ పొట్టి గుర్రాలు ఇరవై వంతులకు మించి మోయగలవని అక్కడివారు చెబుతున్నారు. అయితే అవన్నీ కడుపునిండా మేత తిని, చదును నేల మీద నడిచిన గుర్రాలు. ఘాటీ ఎక్కే గుర్రానికి ఆ ఎక్కువ లెక్క తీసుకుంటే ప్రమాదమే.

తూకం లేకుండా బరువు తెలిసేదెలా?

గుర్రాన్ని తూచే కాటా ఊళ్ళో ఎక్కడుంటుంది? అవసరం లేదు. ఒక తాడు, ఒక టేపు ఉంటే చాలు. దర్జీ టేపు సాధారణంగా 150 సెంటీమీటర్లతో ఆగిపోతుంది గనుక తాడుతో చుట్టి, ఆ తాడును టేపుతో కొలుచుకోవడం సులువు. ముందుకాళ్ళ వెనుక, మూపు దిగిన చోట ఛాతీ చుట్టూ తాడు చుట్టాలి. బిగించకూడదు, వదులుగానూ ఉండకూడదు. గుర్రం ఊపిరి వదిలినప్పుడు కొలవాలి. ఇది చుట్టుకొలత. ఇక రెండోది పొడవు. భుజం ముందువైపు పొడుచుకు వచ్చిన ఎముక దగ్గర నుంచి పిరుదు చివరి ఎముక దాకా తిన్నగా కొలవాలి.

చుట్టుకొలతను అదే అంకెతో హెచ్చవేసి, వచ్చినదాన్ని పొడవుతో హెచ్చవేసి, మొత్తాన్ని 11,880తో భాగిస్తే కిలోల్లో బరువు వస్తుంది. కొలతలు సెంటీమీటర్లలో ఉండాలి. హైస్కూలు చదివే పిల్లవాడు ఎవరైనా చేయగలిగిన లెక్కే ఇది.

ఉదాహరణకు చుట్టుకొలత 150, పొడవు 130 ఉన్న తట్టువ బరువు సుమారు 246 కిలోలు. దాని ఐదో వంతు 49 కిలోలు. చుట్టుకొలత 135, పొడవు 118 మాత్రమే ఉన్న చిన్నదైతే 181 కిలోలు తూగుతుంది. అది మోయవలసింది 36 కిలోలే. చుట్టుకొలత 160, పొడవు 140 ఉన్న బలమైనదైతే 302 కిలోలు. దానిమీద 60 కిలోల దాకా వేయవచ్చు. మూడింటినీ దూరం నుంచి చూస్తే పెద్ద తేడా కనిపించదు. తాడు చుడితే గాని తెలియదు.

ఈ లెక్క ఎదిగిన గుర్రాలకే. పిల్లలకు, నిండు చూలుతో ఉన్న ఆడ గుర్రానికి పనికిరాదు. గాడిదలకు వేరే లెక్క ఉంది. పైగా ఇది కాటా కాదు, అంచనా. పది ఇరవై కిలోలు అటూ ఇటూ కావచ్చు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. 246 కిలోల ఆ మధ్యరకం తట్టువ మీద 60 కిలోల మనిషి ఎక్కి, జీను బొంతలు ఏడు కిలోలు ఉంటే మొత్తం 67 కిలోలు. అంటే నూటికి 27 వంతులు. ఐదో వంతు ఎప్పుడో దాటిపోయింది. అదే గుర్రంపై రెండు పక్కలా 50 కిలోల బియ్యం బస్తా చొప్పున వేసి గంత, తాళ్ళు కలుపుకుంటే 108 కిలోలు అవుతుంది. నూటికి 44 వంతులు! ఐదో వంతుకు రెట్టింపు దాటింది. ఆ బరువుతో అది కొండ ఎక్కాలి.

హైదరాబాదు మలక్‌పేటలో గుర్రప్పందాలు జరుగుతాయి. అక్కడ పరుగెత్తే గుర్రం దాదాపు 450 నుంచి 500 కిలోలు తూగుతుంది. దానిపై కూర్చునే జాకీని జీనుతో సహా పందానికి ముందూ, తర్వాతా కాటా మీద తూస్తారు. ఆ బరువు సుమారుగా 50 నుంచి 60 కిలోల మధ్య ఉంటుంది. అంటే ఆ గుర్రం శరీరంలో ఎనిమిదో వంతు. అది కూడా రెండు మూడు నిమిషాల పరుగుకు! దానికి డాక్టర్లు, దాణా, షెడ్డు, మాలిషు చేసే మనిషి ఉంటారు. దానిలో సగం తూగే మన తట్టువ, దానికి రెట్టింపు బరువు ఎత్తుకుని పొద్దుటినుంచి పొద్దుగూకే దాకా తిరుగుతుంది. పందెం గుర్రానికి ఉన్న కాటా పని గుర్రానికి లేకపోవడం వింత.

చట్టం ఏమంటున్నది?

బరువులు మోసే జంతువుల విషయంలో కేంద్ర ప్రభుత్వం 1965లోనే నిబంధనలు చేసింది. వాటి ప్రకారం వీపు మీద బరువు వేసేటప్పుడు తట్టువకు 70 కిలోలు, గాడిదకు 50 కిలోలు, కంచరగాడిదకు 200 కిలోలు మించకూడదు. చిన్న ఎద్దుకు 100 కిలోలు. అరవై ఏళ్ళు దాటినా ఈ సంగతి ఊళ్ళలో తెలిసినవారు తక్కువ. రెండు బస్తాలు వేస్తే ఆ క్షణంలోనే చట్టం దాటినట్టు.

అదే నిబంధనల్లో పని గంటల విషయమూ ఉంది. రోజు మొత్తం మీద తొమ్మిది గంటలు మించి పని చేయించరాదు. విశ్రాంతి లేకుండా వరుసగా ఐదు గంటలు మించరాదు. ఉష్ణోగ్రత 37 డిగ్రీలు దాటే చోట్ల మధ్యాహ్నం 12 నుంచి 3 గంటల వరకు పనిలో పెట్టకూడదు. బండి లాగే జంతువులకైతే ఇంకొక సదుపాయం చేశారు. కిలోమీటరుకు తక్కువ కాని ఎక్కుడు దారి, ముప్పై మీటర్లకు మూడు మీటర్లకు మించి వాలు ఉంటే బరువు సగానికి తగ్గించాలి. ఇది బండ్లకు చెప్పిన మాటే అయినా, కొండదారిలో వీపున మోసే జంతువుకు మాత్రం కష్టం తక్కువా?

70 కిలోలన్నది అన్ని తట్టువలకూ ఒకే గాటన కట్టి పెట్టిన అంకె. 302 కిలోల తట్టువకు అది నూటికి 23 వంతులు. అంత వరకు ఫరవాలేదనవచ్చు. 181 కిలోల దానికి అదే బరువు 39 వంతులు అవుతుంది. కాబట్టి చట్టం చెప్పినది దాటకూడని గీత మాత్రమే గాని, అంతా వేయమని ఇచ్చిన అనుమతి కాదు. ఎద్దులను తూకాన్ని బట్టి చిన్న, మధ్య, పెద్ద రకాలుగా విడగొట్టిన అధికారులు తట్టువలను ఎందుకు విడగొట్టలేదో తెలియదు.

గ్రీసు దేశంలో శాంటోరిని అనే ద్వీపం ఉంది. ఓడ దిగిన యాత్రికులను అక్కడ గాడిదలు వందలాది మెట్లు ఎక్కించి పైకి చేరుస్తాయి. స్థూలకాయులు ఎక్కి గాడిదల నడుములు విరుగుతున్నాయని గొడవ జరిగిన మీదట 2018లో ఆ ప్రభుత్వం, 100 కిలోలకు గాని, జంతువు శరీరంలో ఐదో వంతుకు గాని మించి బరువు వేయరాదని ఉత్తర్వు ఇచ్చింది. మన విశాఖపట్నం రామకృష్ణా బీచ్‌లోనూ గుర్రాలపై యాత్రికులను తిప్పుతారు. అక్కడ ఎక్కేవారిని ఎవరూ తూచరు. డబ్బులిచ్చిన ప్రతివారూ ఎక్కవచ్చు. పెళ్ళి ఊరేగింపుల్లో కూడా అంతే. పెళ్ళికొడుకు ముందు తోడుపెళ్ళికొడుకును కూడా కూర్చోబెట్టడం ఒక ముచ్చట. ముచ్చట మనది, మోత గుర్రానిది.

ఇక శిక్ష సంగతి. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం కింద పుండు పడిన జంతువును పనిలో పెట్టడం నేరమే. మొదటిసారి నేరానికి జరిమానా పది రూపాయలకు తగ్గకుండా యాభై రూపాయల వరకు! ఆ రోజుల్లో యాభై రూపాయలు పెద్ద మొత్తమే. ఇవాళ అది గుర్రానికి ఒక పూట ఉలవలకు కూడా చాలదు. అందువల్ల భయపెట్టి చేయించగల పని కాదిది. యజమాని తన లాభం కోసమే తెలుసుకోవాలి.

వీపు కింద ఏముంది?

గుర్రం వెన్నెముకను వంతెనతో పోల్చవచ్చు. ముందుకాళ్ళు ఒక స్తంభం, వెనుకకాళ్ళు మరో స్తంభం. మనం బరువు పెట్టేది సరిగ్గా నడిమి భాగంలో. అక్కడ కింద ఆనిక లేదు. కండరాలు, నరాల్లాంటి కట్లు మాత్రమే బిగించి పట్టుకుంటాయి. కండ లేని బక్క గుర్రానికి ఆ పట్టు ఉండదు. గుర్రం నిలబడినప్పుడు బరువులో సగానికి పైగా ముందుకాళ్ళ మీదే ఉంటుంది. కొండ దిగేటప్పుడు మరింత ముందుకు ఒరుగుతుంది. ఎక్కేటప్పుడే కష్టం, దిగేటప్పుడు సుఖమనుకోవడం పొరపాటు. దిగుడు దారిలో మనిషి దిగి నడిస్తే దాని మోకాళ్ళు పదికాలాలు ఉంటాయి.

బరువు ఒకటే అయినా రెండు గుర్రాలు ఒకేలా మోయవు. నడుము వెడల్పుగా, ముందుకాలి మోకాలి కింది ఎముక లావుగా ఉన్నవి తక్కువ నొప్పితో మోశాయని ఒహాయో పరిశీలనలో తేలింది. పొడవాటి వీపు కన్నా పొట్టి వీపు నయం.

వయసు ముఖ్యం. గుర్రానికి పాల పళ్ళు ఊడి ముందు పళ్ళు పూర్తిగా రావడానికి సుమారు ఐదేళ్ళు పడుతుంది. ముందు నడిమి జత రెండున్నర ఏళ్ళకు, తర్వాతి జత మూడున్నరకు, చివరి జత నాలుగున్నరకు మారుతాయి. వెన్నెముక ఎదుగుదల ముగియడానికి ఐదారేళ్ళు పడుతుంది. రెండేళ్ళ పిల్లపై గంత వేసి 'అలవాటు చేస్తున్నాం' అనేవారున్నారు. ఖాళీ గంత వేసి నడిపించవచ్చు, బస్తా వేయరాదు. అలా తొందరపడిన గుర్రం పదేళ్ళకే నడుము వంగి మూలకు చేరుతుంది. ఓపిక పట్టినవారి గుర్రం ఇరవై ఏళ్ళ వరకు పనిచేస్తుంది. లెక్క వేసుకుంటే ఏది లాభమో తెలుస్తుంది.

గంతకు తగ్గ బొంత

'గంతకు తగ్గ బొంత' అనే సామెతను ఇప్పుడు పెళ్ళి సంబంధాలకు వాడుతున్నాం గాని, ఇది పుట్టింది ఈ వ్యవహారంలోనే. బరువు తక్కువైనా గంత సరిగా లేకపోతే పుండు తప్పదు. వెన్నెముక మీద నేరుగా ఏదీ ఆనకూడదు. రెండు పక్కలా కండ మీద ఆని, నడుమ వేలు దూరేంత ఖాళీ ఉండాలి. గోనెసంచి మడతపెట్టి వేస్తే ఆ మడత కింద చర్మం కమిలిపోతుంది. బొంత మందంగా, ముడతలు లేకుండా ఉండాలి. చెమటకు తడిసిన బొంతను ఎండలో ఆరబెట్టి, దులిపి మళ్ళీ వాడాలి. ఎండిన చెమట ఉప్పు గరుకు కాగితం లాంటిది.

రెండు పక్కల బరువు సమానంగా ఉండాలి. ఒక పక్క బియ్యం, మరో పక్క కిరాణా సామాను వేసి కంటితో అంచనా కడితే ఐదారు కిలోల తేడా వస్తుంది. దానితో గంత ఒక పక్కకు లాగి మూపు ఒరుసుకుపోతుంది. డిపోలో కాటా ఉంటుంది గదా, అక్కడే తూచుకుని రెండు సంచుల్లో సర్దుకుంటే సరి. 50 కిలోల బస్తాను విప్పి 25 కిలోల చొప్పున రెండు సంచులు చేస్తే, గంతతో కలిపి, బలమైన గుర్రానికి సరిపోయిన బరువు అవుతుంది. రెండో బస్తాకు మరో గుర్రమో, మరో విడతో. శ్రమ ఎక్కువే, కాదనలేం.

మనిషికీ బస్తాకూ తేడా ఉంది. బస్తా కదలని బరువు. దారి వంకర తిరిగినా తాను ఒరగదు. మంచి రౌతు గుర్రంతో పాటు కదులుతాడు, ఎక్కుడులో ముందుకు వంగుతాడు. చేతగాని రౌతు వెనక్కు జారి నడుము మీద కూర్చుని కళ్ళెం లాగుతుంటాడు. వాడు 50 కిలోలున్నా 70 కిలోల కింద లెక్క. 'రౌతు కొద్దీ గుర్రం' అన్నారు మరి. ఇంగ్లండులో 2018లో వెల్లడించిన ఒక పరిశీలనలో, సమాన నైపుణ్యం గల నలుగురు రౌతులను ఆరు గుర్రాల మీద ఎక్కించారు. బరువైన ఇద్దరి వంతు వచ్చినప్పుడు గుర్రాలు కుంటడంతో పరీక్షలను మధ్యలోనే ఆపవలసి వచ్చింది. కొంత కాలానికి ఆ కుంటు తగ్గింది. బరువైనవారికి జీను చాలక వెనుక అంచున కూర్చోవడం కూడా అందుకు ఒక కారణం కావచ్చునని పరిశీలకులు భావించారు.

నోరులేని జీవి చెప్పే మాటలు

బరువు ఎక్కువైనప్పుడు గుర్రం చెప్పకపోదు, మనం వినాలి. గంత వేయబోతే చెవులు వెనక్కు వాల్చుతుంది, తిరిగి కరవబోతుంది. తోక ఊరికే విసురుతుంది. అడుగులు దగ్గర దగ్గరగా వేస్తుంది. చదునులోనూ తడబడుతుంది. దీన్ని పొగరనుకుని కొట్టడం అన్యాయం. గంత తీసిన వెంటనే వీపు చూస్తే చెమట అంతటా సమానంగా పట్టి ఉండాలి. తడి నడుమ అక్కడక్కడ పొడి మచ్చలుంటే ఆ చోట ఒత్తిడి ఎక్కువైందన్నమాట. వేళ్ళతో వెన్నుకు రెండు పక్కలా మెల్లగా నొక్కుకుంటూ పోవాలి. నొప్పి ఉన్నచోట గుర్రం నడుము కిందికి దించుతుంది లేదా వణుకుతుంది.

ఇంకొక మంచి పరీక్ష నాడి. దవడ ఎముక లోపలి అంచున వేళ్ళు పెడితే తగులుతుంది. దొరకకపోతే ఎడమ మోచేతి వెనుక అరచెయ్యి ఆనించి గుండె కొట్టుకోవడం లెక్కపెట్టవచ్చు. పదిహేను సెకండ్లు లెక్కించి నాలుగుతో హెచ్చవేయాలి. విశ్రాంతిలో ఉన్న గుర్రానికి నిమిషానికి 28 నుంచి 44 వరకు ఉంటుంది. ఘాటీ ఎక్కి వచ్చాక పెరగడం సహజమే. నీడన నిలిపిన తర్వాత అరగంటకు కూడా 60 కిందికి దిగకపోతే ఆ రోజు బరువు మించిందని గాని, గుర్రానికి ఒంట్లో బాగులేదని గాని గ్రహించాలి. మర్నాడు సెలవు ఇవ్వాలి.

'గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదు' అన్నట్టు, మేత లేకుండా ఏ లెక్కా నిలవదు. పక్కటెముకలు బయటపడ్డ గుర్రానికి ఐదో వంతు కూడా ఎక్కువే. కొండగడ్డి ఎండిపోయే వేసవిలో, ఈనడానికి ముందు మూడు నెలల్లో బరువు తగ్గించాలి, లేదా మానాలి. ఈనిన గుర్రం పాలిస్తున్నప్పుడు కూడా మేత ఎక్కువ కావాలి.

పుండు పడితే చేయవలసింది మొదట గంత మానేయడం. పుండు మీద మరో బొంత వేసి పని కానిచ్చేయడం వల్ల అది లోపలికి చీము పట్టి ఎముక దాకా పోతుంది. శుభ్రమైన ఉప్పునీళ్ళతో కడిగి, ఈగలు వాలకుండా చూసి, పశువైద్యునికి చూపించాలి. పుండు నుంచి ధనుర్వాతం రావడం గుర్రాలకు మిగతా పశువుల కన్నా ఎక్కువ గనుక టీకా సంగతి తప్పక అడగాలి. డాక్టరు దగ్గరకు నడిపించి తీసుకుపోలేని పరిస్థితిలో 1962 నంబరుకు ఫోను చేసి సంచార పశువైద్య వాహనాన్ని పిలవవచ్చు. వాహనం వచ్చే రోడ్డు వరకు గుర్రాన్ని ఖాళీ వీపుతో దించాల్సి ఉంటుంది.